మా పేట పిల్లల లెక్క

మా నాన్న అర్జీలన్నీ నేనే రాసేదాన్ని. ఆయన ఎలమంచిలి దగ్గర పల్లెలో ఐదో తరగతితో చదువు ఆపేసి, విశాఖపట్నం వచ్చి పోర్టులో కలాసీగా చేరిన మనిషి. సంతకం మాత్రం జమీందారు పెట్టినట్టు పెట్టేవాడు. మిగతా అక్షరాల జోలికి వెళ్ళేవాడు కాదు. సాయంత్రం డ్యూటీ దిగి వచ్చి, కాళ్ళు కడుక్కుని, అరుగు మీద అటూ ఇటూ తిరుగుతూ చెప్పేవాడు. నేను గడప మీద కూర్చుని, ఒళ్ళో అట్ట పెట్టుకుని రాసేదాన్ని. 'దయతలచి' అన్న మాట ఒక్కో అర్జీలో మూడు చోట్ల ఉండాలి ఆయనకి. ఒకటి కొట్టేస్తే ఊరుకునేవాడు కాదు.

"రెండు సాలవేటి నాన్నా?" అంటే, "పైనొకడు సదూతాడు, మద్దెనొకడు సదూతాడు, ఆకర్నొకడు సదూతాడు. ఎవుడి దయ ఆడికుండాలి గదమ్మా" అనేవాడు.

ఆ దయలతోనే మా పేటకి వీధి కొళాయి వచ్చింది. రెండు దీపాలు వచ్చాయి. కొండ మీంచి దిగే వాననీటికి కాలువ వచ్చింది. బడి ఒక్కటే రాలేదు. అది వచ్చేసరికి మా ఇంట్లో ఆ బడికి వెళ్ళాల్సిన పిల్ల లేదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. దాచిపెట్టి ఆఖర్న చెప్పడం నాకు చేతకాదు, ఇష్టమూ లేదు.

మాది కంచరపాలెంలో రైలు పట్టాల పక్క పేట. ఒకవైపు కొండ, ఒకవైపు పట్టాలు, మధ్యలో మేము. బజారు, ఆస్పత్రి, బడి అన్నీ పట్టాలకి అవతల. గేటు మీదుగా వెళ్తే చాలా చుట్టు. అందుకని ఎవరూ అలా వెళ్ళేవారు కాదు. పోర్టుకి ఖనిజం మోసే గూడ్సులు వచ్చి మా ముందు గంటల తరబడి ఆగిపోయేవి. అటు చివర కనపడదు, ఇటు చివర కనపడదు. పెద్దవాళ్ళు రెండు పెట్టెల మధ్య ఉన్న కొక్కెం మీద కాలు వేసి దాటేవారు. పిల్లలు పెట్టె కింద నుంచి దూరి వెళ్ళేవారు. నేను అలాగే చదువుకున్నాను. నా తమ్ముడూ అంతే. రెండు జడలకీ రిబ్బన్లు కట్టి, పౌడరు రాసి, మా అమ్మ మమ్మల్ని గూడ్సు కిందకి పంపించేది. అప్పట్లో అందులో వింతేమీ కనపడలేదు ఎవరికీ.

ఇక లెక్క సంగతి. అది మొదలైంది ఎమర్జెన్సీ రోజుల్లో. నాకప్పుడు పదమూడేళ్ళు. నాన్న అప్పటికి ఏ పదవిలోనూ లేడు, పేటకి పెద్దమనిషి, అంతే. గోడల నిండా కుటుంబ నియంత్రణ ఎర్ర త్రికోణాలు వేసి వెళ్ళారు. ఇద్దరికి మించి పిల్లలున్న మగాళ్ళని ఆపరేషన్ల క్యాంపుకి పట్టుకుపోతున్నారని పుకారు పుట్టింది. ఒకాయన్ని పెళ్ళి పంక్తిలోంచి, పప్పన్నం కలుపుతూ ఉండగా లేపి వ్యాన్ ఎక్కించారని ఒకరు చెప్పారు. సినిమా హాలు తలుపులు మూసి పట్టుకున్నారని ఇంకొకరు. కళ్ళారా చూసినవాళ్ళు ఒక్కరూ లేరు. నమ్మనివాళ్ళూ ఒక్కరు లేరు. మా వీధిలో మగాళ్ళు కొన్నాళ్ళు పోర్టు నుంచి కొండ వెనక దారిన ఇంటికి వచ్చేవారు.

అలాంటి రోజుల్లో మున్సిపాలిటీ నుంచి ఒక ఇన్‌స్పెక్టరు గారు వస్తారని, ఇంటింటికీ పిల్లలెంతమందో రాసుకుంటారని కబురొచ్చింది. ముందు రోజు సాయంత్రం నాన్న ప్రతి గుమ్మం దగ్గరా ఆగి ఒకటే మాట చెప్పాడు. "ఎవులడిగినా ఇద్దరే అనండి. మిగతాదాన్ని నాను సూసుకుంతాను."

ఇన్‌స్పెక్టరు గారు మర్నాడు వచ్చారు. ఆయాసం మనిషి, మంచివాడు. కొండ వాలులో మా ఇళ్ళని చూసి, ఎక్కలేక, మా అరుగు మీదే కూలబడ్డారు. మజ్జిగ తాగి, "ఏమయ్యా, నీకు అందరూ తెలుసు కదా, నువ్వు చెప్పేయ్, ఇక్కడే రాసేద్దాం" అన్నారు. రాయడానికీ ఓపిక లేదు. నా దస్తూరీ బాగుంటుందని నాన్న అనగానే పుస్తకం నాకిచ్చేశారు. నాన్న ఒక్కో ఇల్లు చెబుతున్నాడు, నేను రాస్తున్నాను. ఇద్దరు, ఇద్దరు, ఒక్కరు, ఇద్దరు, ఇద్దరు. ఏడుగురు పిల్లలున్న ఇంటికీ ఇద్దరే. కొంతసేపటికి ఇన్‌స్పెక్టరు గారు కళ్ళజోడు పైనుంచి చూశారు.

"మీ పేటలో అందరూ ఇంత బుద్ధిమంతులేమిటయ్యా?"

"కొండగాలండి" అన్నాడు నాన్న.

ఆయన నవ్వలేదు. నవ్వొచ్చిందని మాత్రం నాకు తెలుసు, మీసం కదిలింది. మా ఇంటి వంతు వచ్చింది. మేము నలుగురం. నేను, తమ్ముడు, ఇద్దరు చెల్లెళ్ళు. నేను నా పేరు రాసి, తమ్ముడి పేరు రాసి, గీత గీసేశాను. సరిగ్గా అప్పుడే లోపల ఉయ్యాల్లో ఉన్న మా చిన్నది ఏడుపు అందుకుంది. ఇన్‌స్పెక్టరు గారు తలుపు వైపు చూశారు. మా అమ్మ దాన్ని భుజాన వేసుకుని బయటికి వచ్చి, కంగారేమీ లేకుండా చెప్పింది.

"పక్కింటోల గుంటండి. ఆలమ్మ నీలకెల్లింది, సూత్తండమంది."

ఆయన "అలాగా" అని, నేను రాసినదాని కింద సంతకం పెట్టి వెళ్ళిపోయారు. ఆయన మలుపు తిరిగాక వీధి వీధంతా పడీ పడీ నవ్వింది. ఆ రోజు నుంచి మా చిన్నదానికి 'పక్కింటిది' అన్న పేరు స్థిరపడిపోయింది. మాటలొచ్చాక అది కూడా దాన్ని వాడుకోవడం నేర్చుకుంది. కోప్పడితే చాలు, చిన్న పళ్ళెం ఒకటి చంకలో పెట్టుకుని, "నాను మా ఇంటికెలిపోతాను" అని పక్కింటి గుమ్మంలో కూర్చునేది.

మా వీధి నుంచి ఎవరినీ పట్టుకుపోలేదు. అసలు పట్టుకుపోయే ఉద్దేశం ఎవరికైనా ఉండేదో లేదో ఇప్పటికీ నాకు తెలియదు. పేట మాత్రం అదంతా నాన్న చలవే అనుకుంది. తర్వాత జనాభా లెక్కలవాళ్ళు వచ్చినా, ఆ ఇద్దరే చెప్పారు. మాట మారిస్తే పాతది బయటపడుతుందని భయం. పురుళ్ళన్నీ ఇళ్ళలోనే కాబట్టి ఆఫీసులో పుట్టుక ఎక్కించే దిక్కు కూడా లేదు. ఎనభైల మొదట్లో కార్పొరేషన్ ఎన్నికలు వచ్చినప్పుడు నాన్న నిలబడ్డాడు. మా పేటలో ఒక్క ఓటు అటూ ఇటూ అయిందని నేను అనుకోను.

గెలిచిన వారానికే బడి అర్జీ రాయించాడు. కొళాయి, దీపాలు, కాలువ అంతకుముందే కాళ్ళరిగేలా తిరిగి సాధించుకున్నవి. బడి వేరు. దానికి ప్రభుత్వం గ్రాంటు ఇవ్వాలి, పంతుళ్ళని వెయ్యాలి. పైగా మా చిన్నదానికి అప్పుడే ఆరో ఏడు వచ్చింది, పలక కొనిచ్చాం. "ఈ గుంటని గూడ్సు కింద తోలను. ఇదెల్లేలోగా బడి ఇటేపుకి తెత్తాను" అని మా అమ్మకి మాటిచ్చాడు. మా అమ్మ ఆ మాట నమ్మింది. నేనూ నమ్మాను. ఆయన అన్నది జరగకపోవడం మేమెప్పుడూ చూడలేదు.

నేనప్పుడు డిగ్రీ చదువుతున్నాను. అర్జీ రాసినదాన్ని కాబట్టి ఆఫీసుకీ తీసుకువెళ్ళాడు. పోర్టు ఖాకీ విప్పి, ఉన్న ఒకే ఒక్క తెల్ల చొక్కా వేసుకున్నాడు. బళ్ళ వ్యవహారాలు చూసే ఆఫీసరుది కృష్ణా జిల్లా వైపు మాట. మర్యాదస్తుడు. మమ్మల్ని కూర్చోబెట్టి, టీ తెప్పించి, ఒక ఫైలు తీసి మా ముందు పెట్టారు.

"కార్పొరేటర్ గారూ, బడి ఇవ్వాలని నాకూ ఉందండీ. కానీ ఇంతమంది పిల్లలుంటేనే గ్రాంటు అని రూలు. పట్టాలకి మీ వైపున చూస్తే సగం కూడా లేరాయె. ఇదిగో మీ పేట జాబితా, చూడండి."

చూశాను. అంచులు పసుపెక్కిన కాగితాలు, వాటి నిండా గుండ్రటి అక్షరాలు. నా దస్తూరీయే. ఇద్దరు, ఇద్దరు, ఒక్కరు, ఇద్దరు. తర్వాతి లెక్కలు కూడా దానితో సరిపోయాయని ఎవరో ఎర్ర సిరాతో టిక్కులు పెట్టారు. నాన్న నా వైపు చూశాడు. నేను పైనున్న ఫ్యాను వైపు చూశాను. ఆ క్షణాన ఆయన నోరు విప్పుతాడనుకున్నాను. ఆయన కప్పు కింద పెట్టి, "పేట పెరిగింది సార్. మల్లీ ఓపాలి లెక్కెట్టించండి" అని మాత్రం అన్నాడు. ఆఫీసరు సరేనని కాగితం మీద రాశారు. గురువారం మనిషిని పంపిస్తామన్నారు.

బయటికి వచ్చి బస్సు కోసం నిలబడ్డాం. నాకు ఆగలేదు.

"నిజం సెప్పీసుంటే ఏటయ్యేది నాన్నా? భయపడి తక్కువ సెప్పినాం, తప్పయిపోనాది అంటే సరిపోద్ది గదా."

"సంతకం ఎవులదమ్మా? ఆ ఇనస్పెట్రుది. పాపం ఆయనికీ పెళ్ళాం పిల్లలున్నారు. నాను నోరిప్పితే ఆయన ఉద్యోగం ఎలిపోద్ది."

"మరి పేటోళ్ళకైనా సెప్పు. గురువారం ఉన్నోళ్ళందర్నీ సెప్పమను."

"సెప్తాను. బుదవారం సాయంత్రం అందర్నీ పిలిసి సెప్తాను."

బుధవారమే ఎందుకు, ఇవాళే చెప్పొచ్చు కదా అని నేను అడగలేదు. ఎందుకో నాకు తెలుసు. పేటలో ఆయన మాట అంటే మాట. 'నేను మీచేత అబద్ధం చెప్పించాను, దానివల్లే మన పిల్లలకి బడి రావడం లేదు' అని పదిమందిలో నిలబడి అనాలి. ఓడ మీద బరువులెత్తిన మనిషికి ఆ మాట బరువైపోయింది. రెండు రోజులు వాయిదా వేసుకున్నాడు.

లెక్కల మనిషి మంగళవారమే వచ్చేశాడు. అతనికి గురువారం ఇంకెక్కడో పని పడిందట. నాన్న ఓడ మీద ఉన్నాడు. నేను కాలేజీలో ఉన్నాను. మా అమ్మమ్మకి ఒంట్లో బాగులేదని అమ్మ ముందురోజే చెల్లెళ్ళిద్దరినీ తీసుకుని ఎలమంచిలి బండెక్కింది. మా ఇంటికి తాళం.

సాయంత్రం నేను వచ్చేసరికి కొళాయి దగ్గర ఆడవాళ్ళు బిందెలు వదిలేసి మరీ నవ్వుకుంటున్నారు. నాన్న నా వెనకే వచ్చాడు. మూల ఇంట్లో చేపలమ్మే ముసలమ్మ, మేమందరం పెద్దమ్మ అని పిలిచేవాళ్ళం, ఎదురొచ్చి నాన్న చెయ్యి పట్టుకుంది.

"లెక్కలోడొచ్చినాడు బాబూ. నువ్వు నేవు గదా, నానే దగ్గరుండి సెప్పించినాను. గుంటలందర్నీ కొండెనక్కి తోలీసినాం. ఒక్క కొంపలోన ఇద్దరికి మించి ఉంతే ఒట్టు. మీ ఇంటికి కూడా ఇద్దరే సెప్పినాను. నువ్వేటీ బెంగెట్టుకోకు."

ఇంకో ఆమె అందుకుంది. "సిన్న గుంటలు ఏడుత్తారని బెల్లం ముక్కలెట్టి మరీ పంపీసినాం బాబూ!"

పుస్తకం పట్టుకున్న మనిషి కనపడగానే వాళ్ళకి గుర్తొచ్చింది మా నాన్న చెప్పిన మాట ఒక్కటే. ఎనిమిది మంది పిల్లల తల్లి, పిల్లలందరినీ కొండకి తోలేసి, ఖాళీ ఇంట్లో నిలబడి ఇద్దరని చెప్పింది. ఎవరి కోసం? మా నాన్న కోసం. ఆయన నమ్మకం నిలబెట్టడం కోసం. కొండ మీంచి పిల్లలు అప్పుడే గుంపుగా దిగి వస్తున్నారు, బెల్లం మూతులతో. అంతమంది పిల్లల్ని ఒక్కసారిగా నేనెప్పుడూ చూడలేదు. నాన్న కొళాయి గట్టు మీద కూర్చుండిపోయాడు.

"ఏటి బాబూ, అలగైపోనావు? తప్పు సెప్పినామా?" అంది పెద్దమ్మ.

"నేదు పెద్దమ్మా" అన్నాడు నాన్న. "నాను సెప్పినట్టే సెప్పినావు."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంట్లోకి రాగానే అడిగేశాను. ఇప్పుడైనా చెప్పు, రేపు మళ్ళీ ఆఫీసుకి వెళ్దాం, ఇంత సిగ్గేమిటి అన్నాను. తండ్రితో అలా మాట్లాడకూడదు. మాట్లాడాను. ఆయన అన్నం కంచం ముందు కూర్చుని, "ముందు ఆ ఇనస్పెట్రుని కలిసి ఓ మాటడుగుతాను. ఆయన ఊఁ అంటే సెప్పీద్దాం" అన్నాడు. వెళ్ళి కలిశాడా? లేదు. ఈ వారం అన్నాడు, వచ్చే వారం అన్నాడు. ఈలోగా ఆ ఏటి గ్రాంటు ఇంకో వార్డుకి వెళ్ళిపోయింది. అక్కడి పిల్లల్ని దాచినవాళ్ళు లేరు మరి.

నేను మళ్ళీ అర్జీ రాశాను. మూడు దయలూ పెట్టాను. దానికీ అదే జవాబు వచ్చింది. వేసవి వెళ్ళిపోయింది. బళ్ళు తెరిచారు. చిన్నదానికి ఏడో ఏడు. ఇంకా ఎన్నాళ్ళు ఇంట్లో కూర్చోబెడతామని, దాని అక్క చెయ్యి పట్టించి మా అమ్మ అవతలి బడికి పంపింది. మొదటి రోజున నాన్న తనే ఇద్దరినీ గేటు దాకా నడిపించి, చుట్టు దారిన తీసుకువెళ్ళాడు. రోజూ అలాగే వెళ్ళమని గట్టిగా చెప్పాడు. పిల్లలు వారం రోజులు అలాగే వెళ్ళారు.

ఆషాఢంలో ఒక ముసురు రోజు. గూడ్సు ఆగి ఉంది. పొద్దుట్నుంచీ కదలలేదు. చుట్టు దారంతా బురద, బడికి వేళ మించిపోతోంది. వీధిలో పిల్లలందరూ ఎప్పటిలాగే కింద నుంచి దూరారు. మా పెద్ద చెల్లి దూరి అవతల నిలబడి చెయ్యి చాపింది. చిన్నది వెనక ఉంది. బండి ఈల వినపడలేదన్నారు కొందరు, వినపడిందన్నారు కొందరు. బండి ఒక్క కుదుపు కుదిపి నాలుగు బారలు జరిగి మళ్ళీ ఆగిపోయిందట. అంతకంటే నేను రాయలేను. నన్ను కాలేజీ నుంచి పిలుచుకొచ్చారు. నాన్న ఆ సమయానికి కార్పొరేషన్ ఆఫీసులో, వేరే వీధికి దీపం అడగడానికి ఎవరి కోసమో వరండాలో కాచుకుని ఉన్నాడు.

మా అమ్మ ఆయన్ని ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. పేటవాళ్ళు వచ్చి ఏడ్చారు, రైలుని తిట్టారు, వానని తిట్టారు, విధి అన్నారు. నాన్నని తిట్టినవాళ్ళు లేరు. నేనొక్కదాన్నే మనసులో తిట్టుకున్నాను. ఆ కోపం నాకు ఇప్పటికీ ఉంది. ఆయన పోయి ఎన్నో ఏళ్ళయినా తగ్గలేదు. ఆ జాబితాలో మా ఇంటి కింద గీత గీసింది నేనే కాబట్టి, ఆ కోపాన్ని పూర్తిగా ఆయన మీదే పెట్టడమూ నా వల్ల కాదు. మా పెద్ద చెల్లి చాలా రోజులు కుడిచెయ్యి ఒళ్ళో దాచుకుని ఎడం చేత్తో అన్నం తినేది. మేమెవరం వద్దనలేదు.

పన్నెండో రోజు దాటాక నాన్న తెల్ల చొక్కా వేసుకుని, "రా" అన్నాడు. అర్జీ రాయమనలేదు. నేను కాగితం కూడా తీసుకోలేదు. అదే ఆఫీసు, అదే ఆఫీసరు. ఆయనకి విషయం తెలుసు, లేచి నిలబడ్డారు. నాన్న కూర్చోలేదు.

"సార్, ఆ లెక్క అబద్దం. మా పేట పిల్లల్లోన సగం మంది అందులోన నేరు. ఎమర్జెన్సీలోన నానే అలగ సెప్పించినాను. రాసింది ఈ పిల్ల, పదమూడేళ్ళ గుంట, దానికేటీ తెల్దు. రెండోపాలి కూడా నా మూలంగానే తప్పు సెప్పినారు. శిచ్చ ఏదున్నా నాకెయ్యండి. సంతకం ఎట్టిన ఇనస్పెట్రు గారు మంచోరు, ఆయన్నేటీ సెయ్యకండి."

ఆఫీసరు ముందున్న ఫైలు మూసి పక్కన పెట్టారు.

"ఆ ఇన్‌స్పెక్టరు గారు కాలం చేసి మూడేళ్ళయిందండీ" అన్నారు. "మీరు ఎన్నిక కాక ముందే. శిక్షలేమీ ఉండవు. అప్పట్లో ఎన్నో చోట్ల ఇలాగే రాశారు. ఈ ఒక్క మాట ముందే చెప్పుంటే, ఆ పూటే మళ్ళీ లెక్క పెట్టించేవాణ్ణి."

ఆయన మంచికే అన్నారు. అంతకంటే పెద్ద దెబ్బ ఎవరూ కొట్టలేరు. మెట్లు దిగేటప్పుడు నాన్న నా భుజం పట్టుకుని దిగాడు. అంతవరకూ ఆయన ఎవరి భుజమూ పట్టుకోవడం నేను చూడలేదు. బస్టాపులో అందరి ముందూ నిలబడి ఏడ్చాడు. నేను పక్కనే ఉన్నాను. ఓదార్చాలని నాకనిపించలేదు. ఆ సంగతి రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ నిజం.

బడి తర్వాతి ఏడాది వచ్చింది. రేకుల కప్పు, రెండు గదులు, ఇద్దరు పంతుళ్ళు. దాని గురించి చెప్పడానికి నాకేమీ లేదు. ప్రారంభానికి పెద్దవాళ్ళు వచ్చారు, దండలు వేశారు. నాకు బాగా గుర్తున్నది అంతకు ముందు లెక్క పెట్టిన రోజు.

ఈసారి నాన్న సెలవు పెట్టాడు. పొద్దున్నే కొళాయి గట్టెక్కి, పేటంతా వింటూ ఉండగా, చెప్పాల్సిందంతా చెప్పాడు. తను చెప్పించిన అబద్ధం, అది చేసిన పని. పెద్దమ్మ కొంగు నోట్లో కుక్కుకుని అక్కడే చతికిలబడిపోయింది. లెక్కకి వచ్చినవాడు కొత్త కుర్రాడు, ఉద్యోగంలో చేరి నెల కూడా కాలేదు, మా సంగతులేవీ తెలియవు. నాన్న అతని ముందు నడుస్తూ గుమ్మం గుమ్మానా నిలబడ్డాడు. నేను పుస్తకం అతనికి అందిస్తూ వెంట ఉన్నాను.

పిల్లల్ని వీధిలో వరసగా నిలబెట్టి చూపించారు తల్లులు. ఒకామె ఉత్సాహం కొద్దీ ఆటోనగర్‌లో ఉండే తన చెల్లెలి పిల్లల్ని కూడా కలిపేసింది. "ఇద్దరెక్కువుంతే బడి వేగం రాదేటి బాబూ?" అంది. నాన్నకి కోపం వచ్చింది. "ఉన్నోల్లనే సెప్పమ్మా. ఒకటి తగ్గకూడదు, ఒకటి పెరక్కూడదు" అన్నాడు. ఆ మాటే ప్రతి ఇంటి దగ్గరా అన్నాడు. ఆ కుర్రాడు ఆ రెండు పేర్లూ కొట్టేసి మళ్ళీ రాశాడు.

మధ్యాహ్నం దాటాక మా ఇల్లు ఒక్కటే మిగిలింది. అమ్మ గుమ్మంలో కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. కుర్రాడు అలసిపోయి ఉన్నాడు. అరుగు అంచున కూర్చుని పుస్తకం తెరిచాడు.

"పిల్లలెంతమందమ్మా?"

"నలుగురు" అంది అమ్మ.

నాన్న రాటకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. పొద్దుట్నుంచీ ఇంటింటా చెప్పిన మాట ఆయన నోటి చివరిదాకా వచ్చి ఉంటుంది. అమ్మ చేట వదలకుండా, తల ఎత్తకుండా, ఒక్కొక్కరి పేరూ వయసూ చెబుతోంది. నాది చెప్పింది. తమ్ముడిది చెప్పింది. పెద్ద చెల్లిది చెప్పింది. నాలుగో పేరు కూడా చెప్పింది, పూర్తి పేరు, మేమెవరం ఎప్పుడూ పిలవని అసలు పేరు. ఏడేళ్ళు అంది.

కుర్రాడు రాసుకుంటూ అటూ ఇటూ చూశాడు. "ఈ పాప కనపట్లేదేమిటమ్మా?"

"బడికెల్లింది" అంది అమ్మ.

అతను నాన్న వైపు చూశాడు. పొద్దుట్నుంచీ ప్రతి అంకెకీ ఆయన అవునంటేనే ముందుకు వెళ్తున్నాడు మరి. నాన్న తల ఊపాడు. అతను నాలుగు అని వేసి, సంతకానికి పుస్తకం ఆయనకి ఇచ్చాడు. ఆయన సంతకం పెట్టాడు.